సోమవారం ఒక్కపొద్దు

ఆపరేషన్ చేయించుకుని వచ్చాక మా ఆయనకు కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది. కుడిచేతి వేళ్లతో ఎడమ మణికట్టు నొక్కి పట్టుకుని, పక్కింటి గొడవ చాటుగా వింటున్న మనిషిలా తల ఒరగేసి కూర్చుంటాడు. తింటూ తింటూ ఆగిపోతాడు. నడుస్తూ నడుస్తూ నిలబడిపోతాడు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిందంటే నేను మిషన్ మీది జాకెట్టు అక్కడే పడేసి తలుపు దగ్గరికి ఉరకాలి.

"ఏమాయె?"

"ఏం కాలే. జర ఆగు."

ఆగమంటున్నది నన్నా, లోపల కొట్టుకునేదాన్నా అని ఒకసారి అడిగాను. పొద్దంతా నాతో మాట్లాడలేదు.

ఆయన పేరు దయాకర్. శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడిపేవాడు. ఇబ్రహీంపట్నంలో మా మామ కట్టించిన రెండు గదుల ఇంట్లో ఆయన, నేను, మా అత్త నాగులమ్మ ఉంటాం. కొడుకు సిటీలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. నేను ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను.

చిన్నప్పుడు ఆయనకు కీళ్లు వాచి, రోజుల తరబడి జ్వరం కాసిందట. ఆ జ్వరం అప్పుడే గుండె జోలికి పోయిందని ఇన్నేళ్ల తర్వాత డాక్టర్లు చెప్పారు. బస్సు మెట్లు ఎక్కడానికే రొప్పుతుంటే నేనేమో "పొట్ట పెంచినవ్, గందుకే" అని దెప్పేదాన్ని. చివరికి ఆరోగ్యశ్రీ కార్డు మీద సిటీలో పెద్ద దవాఖానలో రొమ్ము కోసి, చెడిపోయిన వాల్వు తీసేసి లోహంతో చేసిన వాల్వు పెట్టారు. ఆపరేషన్ బాగా జరిగింది. వాల్వు బాగా పనిచేస్తోంది. కుదురు తప్పింది మనిషి.

దడ వచ్చేది. రోజూ కాదు. వచ్చిన రోజు మాత్రం ఇల్లు ఇల్లంతా దాని చుట్టూ తిరగాల్సిందే.

"గేరు పడ్తలేనట్టు ఉంటది యమునా," అని చెప్పేవాడు. "రెండుసార్లు మంచిగ కొడ్తది, ఒకటి ఎగ్గొడ్తది, మల్ల మూడు ఒక్కపారే కొడ్తది. నువ్వు చెయ్యి పెట్టి సూడు."

చెయ్యి పెట్టేదాన్ని. నాకేం తెలుస్తుంది? "మంచిగనే ఉంది" అంటే నమ్మడు, "అవ్, జర అటిటు ఉంది" అంటే ముఖం పాలిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చేది. భయం పట్టుకుంటే మనిషి మూల కూర్చుంటుంది. కోపం వస్తే కనీసం అంట్లన్నా తోముతుంది.

పెద్ద దవాఖాన డాక్టర్లు భయపడొద్దనే చెప్పారు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత కొందరికి గుండె కొట్టుకోవడం అటూ ఇటూ అవుతుందని, అందుకే పొద్దుటి పూట ఒక గోలీ, రక్తం గడ్డకట్టకుండా సాయంత్రం ఇంకో గోలీ ఇస్తున్నామని, దడ పూర్తిగా తగ్గి మనిషి కుదురుకున్నాక బస్సు నడపొచ్చని అన్నారు. మందులు ఇచ్చినాయన మాత్రం చీటీ చూసి ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. "పొద్దుటిది తిన్న తర్వాతనే. ఉత్త కడుపు మీద వేసుకుంటే కండ్లు తిరిగి పడిపోతవ్." ఆ మాట ఆయన మనసులో రాసుకున్నాడు. గోలీల డబ్బా నన్ను ముట్టనివ్వలేదు. అద్దం వెనక పెట్టుకుని తనే తీసుకునేవాడు.

అప్పుడు మా ఊరు కూడా ఏమంత కుదురుగా లేదు. రింగు రోడ్డు పని నడుస్తూ టిప్పర్లు సాగర్ రోడ్డు మీద పొద్దస్తమానం మట్టి పోసుకుంటూ తిరిగేవి. జొన్న వేసిన చేలల్లో రంగుల జెండాలు పాతి వెంచర్లన్నారు. చాయ్ తాగడానికి పోయినవాడు ప్లాటు బేరం చేసి వచ్చేవాడు. శేరిగూడలో ఏడాదికో కాలేజీ లేచేది, కాలేజీకింత మంది పిల్లలు, వాళ్లకిన్ని పసుపుపచ్చ బస్సులు. ఊరంతా ఉరుకుతుంటే మా ఆయన గడప మీద కూర్చుని, పోయే బస్సులను చూడకుండానే హారన్ని బట్టి ఏది ఏ కాలేజీదో చెప్పేవాడు. ఆయన బస్సును అప్పుడు వేరే అతను నడుపుతున్నాడు. అది మా సందు మొగన మలుపు తిరిగేటప్పుడు గేరు గరగరమనేది. ఆ చప్పుడుకు మా ఆయన రొమ్ము కోసినప్పటికంటే ఎక్కువ బాధపడేవాడు.

"క్లచ్చు తొక్కరాదు వానికి," అనేవాడు. "ఇరవై ఏండ్లు మనిషి లెక్క సూస్కున్న బండి అది."

ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ స్టీరింగ్ మళ్లీ చేతికి రావాలి.

ఆ సంగతి కాలేజీ బస్సులన్నీ చూసుకునే కృష్ణారావు గారి చేతిలో ఉంది. గుంటూరు వైపు మనిషి, చాలా ఏళ్ల కిందటే వచ్చి మన్నెగూడలో ఇల్లు కట్టుకున్నారు. బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు.

"ఏమయ్యా దయాకర్, కాలేజీ తెరిచేలోపు తయారవుతావా లేదా? నీ బండి నీకే ఇద్దామని నా ఆశ. కానీ ఒక్క మాట. దడ గానీ, కళ్లు తిరగడం గానీ ఉంటే మొహమాటపడకుండా చెప్పు. గేటు దగ్గర డ్యూటీ వేయిస్తాను. వెనకాల పిల్లలుంటారు కదా."

"ఏం లేదు సార్. మస్తుగున్న," అన్నాడు మా ఆయన. అంటూనే చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కున్నాడు. దుప్పటి కింద వేళ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

సారు వాకిలి దాటగానే నేను మొదలుపెట్టాను. "అబద్ధం ఎందుకు చెప్పినవ్? రేపు బస్సుల పోరగాండ్లను ఏస్కొని పోయేటప్పుడు దడ వస్తే?"

"వస్తే అప్పుడు సూద్దాం. ఇప్పుడు చెప్తే గేటు కాడ కూసోబెడ్తరు. వచ్చే బండికి పోయే బండికి సలాం కొట్టుకుంట కూసోవాల్నా నేను?"

"నేను చెప్త పో సారుకు."

ఆయన నా చెయ్యి గుంజి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "చెప్పినవంటే నా పానం మీద ఒట్టు."

వేరేవాళ్లెవరైనా అయితే ఒట్టు తీసి గట్టున పెట్టేదాన్ని. గుండె కోయించుకుని వచ్చిన మనిషి తన ప్రాణం మీద ఒట్టు పెడితే ఏ ఆడది నోరు తెరుస్తుంది? తిట్టుకుంటూ వంటింట్లోకి పోయాను.

ఇక మా అత్త సంగతి. ఆమె చదువుకోలేదు గానీ ఏ రోగానికి ఏ దేవుడో ఆమెకు లెక్క ఉంటుంది. కొడుకు కీళ్ల జ్వరంతో పడి ఉన్నప్పుడు శివునికి మొక్కి సోమవారం ఒక్కపొద్దు పట్టిందట. పొద్దున్నే తలస్నానం చేసి, నీళ్లు, చాయ్ తప్ప ఏమీ ముట్టకుండా ఉండి, దీపాలవేళ దేవునికి దండం పెట్టుకుని ఒక్కసారే తినడం. కొడుకు బతికాడు. అప్పటి నుంచి ఆమె ఒక్క సోమవారం కూడా తప్పలేదు. మా పెళ్లి సోమవారమైతే పెళ్లి విందు కూడా తినలేదని నన్ను చూసినప్పుడల్లా చెబుతుంది.

"నా ఒక్కపొద్దు తోనే నువ్వు బతికినవ్ కొడుకా," అంది ఒకరోజు. "ఇప్పుడు నువ్వు గుడ పట్టు. గుండె నిమ్మళమైతది. శివుడే బస్సు ఇప్పిస్తడు."

ఆయన పట్టాడు. డాక్టరు మాట మీద లేని నమ్మకం తల్లి మాట మీద కుదిరింది. నేనూ అడ్డం చెప్పలేదు. ఏదో ఒకటి పట్టుకుంటే మనిషి స్థిమితపడతాడు కదా అనుకున్నాను.

మొదటి సోమవారం పొద్దున హుషారుగానే ఉన్నాడు. దీపాలు పెట్టే వేళకు మొదలైంది దడ. మరునాడు మధ్యాహ్నం దాకా వదల్లేదు.

"దేవుడు పరీక్ష పెడ్తున్నడు," అంది మా అత్త.

తర్వాతి సోమవారమూ అంతే. పరీక్ష ఎక్కువైంది కదా అని శనివారం కూడా కలిపారు, వెంకటేశ్వరస్వామి పేరు మీద. శనివారం సాయంత్రం దడ, ఆదివారం దడ. దాంతో తల్లీకొడుకులు కూర్చుని ఆలోచించి గురువారం సాయిబాబాను కూడా కలుపుకున్నారు. దేవుళ్లు పెరిగే కొద్దీ దడ పెరిగింది. మధ్యలో తెరిపిచ్చిన రోజులు కూడా తగ్గిపోయాయి.

"మంగళారం మిగిలింది గద, పోశమ్మకు ఇయ్యరాదుండ్రి," అన్నాను ఒకరోజు ఒళ్లు మండి.

మా అత్త నన్ను చూసి చెంపలు వేసుకుంది. "గట్ల అనకు పిల్లా. తల్లికి కోపమొస్తది."

ఆయన ఎగతాళికి కూడా నవ్వే స్థితిలో లేడు. ఒంటరిగా ఉండలేడు, నలుగురిలో కూర్చోలేడు. బస్టాండు దాకా పోయొస్తానని చెప్పులు వేసుకునేవాడు, సందు చివరి నుంచే వెనక్కి వచ్చేవాడు. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోడు, చెవి దిండుకు ఆనితే లోపలి టిక్కుటిక్కు వినబడుతుందని. గోడకు ఆనుకుని కూర్చుంటాడు, లేస్తాడు, వాకిట్లోకి పోతాడు, మళ్లీ వచ్చి నా మిషన్ పక్కన నిలబడి "యమునా, జర చెయ్యి పెట్టు" అంటాడు. ఆయన గొడవలో పడి నేను ఒకావిడ పట్టు జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను. అదంతా విప్పుతూ కూర్చుని ఏడ్చాను. జాకెట్టు కోసం కాదు. ఇట్లాగే ఉంటే ఈ మనిషి గుండెతో కాదు, భయంతోనే పోతాడనిపించింది.

కాలేజీ తెరిచే వారం రానే వచ్చింది. కృష్ణారావు గారు ఫోన్ చేశారు. సోమవారం మంచిరోజు, ఖాళీ బస్సు మన్నెగూడ దాకా నడిపి చూద్దాం, బాగుంటే మర్నాటి నుంచే డ్యూటీ అన్నారు. "నేనూ వస్త బస్సుల," అన్నాను. ఆయన వద్దన్నాడు. "వస్త అంటే వస్త" అన్నాను. ఒట్టు నా నోటికే గానీ కాళ్లకు కాదు కదా.

ఆ పొద్దున తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకున్నాడు. అది ఒంటి మీద వదులైంది. నేను పళ్లెంలో రెండు దోసెలు పెట్టి తెచ్చాను.

"ఇయ్యాల ఒక్కరోజన్న తిని పో. బండి నడిపేది ఉంది."

"సోమవారం," అన్నాడు, పళ్లెం వైపు చూడకుండా.

"ఇన్నొద్దులు ఉండి, పనయ్యే రోజే తప్పుతడా?" అంది మా అత్త. బస్సు ముందు చక్రాల కింద పెట్టమని నా చేతికి నిమ్మకాయలిచ్చింది.

నిమ్మకాయలు నలిగాయి. బస్సు కదిలింది. స్టీరింగ్ ముందు కూర్చున్న మా ఆయనను చూసి నేను బిత్తరపోయాను. ఇంట్లో గోడకూ గుమ్మానికీ మధ్య తిరిగే మనిషి కాదు ఆయన. వీపు నిటారుగా ఉంది. గేరు మారిస్తే చప్పుడే లేదు. శేరిగూడ దాటి, బొంగుళూరు గేటు దగ్గర టిప్పర్లు అడ్డదిడ్డంగా వస్తుంటే ఒక్కదాన్నీ తిట్టకుండా ఓపికగా దారి ఇచ్చి, మన్నెగూడ చౌరస్తాలో అంత పొడుగు బండినీ ఒక్క తిప్పుడుకు తిప్పాడు. ముందు సీట్లో కూర్చున్న కృష్ణారావు గారు "శభాష్" అని, ఎవరిదో ఫోన్ వస్తే ప్లాటు సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆయనకు పరీక్ష అయిపోయింది.

తిరిగి వస్తుంటే చూశాను. మా ఆయన మెడ వెనక చెమట పట్టింది. కిటికీలోంచి గాలి వస్తూనే ఉంది. కుడిచెయ్యి స్టీరింగ్ మీంచి లేచి, ఎడమ మణికట్టు వైపు పోబోయి, మళ్లీ స్టీరింగ్ మీదికే వచ్చింది. అద్దంలో నా కళ్లూ ఆయన కళ్లూ కలిశాయి. ఆయన చూపు తిప్పుకున్నాడు.

దడ వచ్చింది.

నా ముందు సీట్లోనే కృష్ణారావు గారు. చెయ్యి చాపితే భుజం తగులుతుంది. "సార్, ఆపమనుండ్రి" అనడానికి ఎంతసేపు? నోరు తెరిచాను కూడా. నెత్తి మీద పెట్టించిన ఒట్టు గుర్తొచ్చి నోరు మూతపడింది. చెప్తే ఒట్టు తగిలి చచ్చిపోతాడేమో, చెప్పకపోతే బస్సుతో సహా పోతామేమో. అంత పిరికితనం నాలో ఉందని నాకు తెలియదు. సీటు కడ్డీ పట్టుకుని కనిపించిన గుడికల్లా మొక్కాను.

కాలేజీ ఇక ఎంతో దూరం లేదు. ఇంకాసేపు పళ్ల బిగువున నడిపితే ఎవరికీ తెలియదు. బస్సు ఆయనది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

మా ఆయన ఇండికేటర్ వేశాడు. వెనక వచ్చే టిప్పరును పోనిచ్చి, బస్సును మెల్లగా రోడ్డు పక్క మట్టిలోకి దింపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపాడు.

"ఏమైందయ్యా? టైరా?" అన్నారు కృష్ణారావు గారు, ఫోన్ చెవి దగ్గరి నుంచి తీసి.

"టైరు కాదు సార్. నాకే." తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "దడ వస్తున్నది. ఇయ్యాల ఒక్కరోజే కాదు, శాన దినాల సంది వస్తున్నది. మీకు అబద్ధం చెప్పిన. ఇయ్యాలంటే బండి ఖాళీగున్నది. రేపు ఎన్క పోరగాండ్లుంటరు గద సార్."

చెప్పి, స్టీరింగ్ మీద తల ఆనించాడు. నేను పోయి ఆయన వీపు నిమిరాను. ఇన్నాళ్లూ ఆ మనిషి మీద ఉన్న విసుగంతా ఎటు పోయిందో తెలియదు. మా ఆయనను చూసి అంత గర్వపడింది పెళ్లయ్యాక అదే మొదలు.

కృష్ణారావు గారు కాలేజీకి ఫోన్ చేసి బస్సు కోసం ఇంకో డ్రైవరును రమ్మన్నారు. ఆటో ఆపి మమ్మల్ని ఎక్కించి, తనూ ఎక్కారు. ఇబ్రహీంపట్నంలో డాక్టర్ శ్రీసుధ గారి దవాఖానకు తీసుకుపోయారు. చిన్న వయసు డాక్టరమ్మ. ఈసీజీ తీసి చూసి, ఏదో ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపు పడుకోబెట్టింది. దడ నెమ్మదించాక కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"పొద్దున వేసుకోవాల్సిన మాత్ర వేసుకున్నారా?"

"లేదు మేడం."

"ఎందుకు?"

"ఇయ్యాల సోమవారం గద."

డాక్టరమ్మ అర్థం కాక నా వైపు చూసింది. "సోమవారమైతే ఏంటి?"

"ఒక్కపొద్దు మేడం," అన్నాడాయన, ఆమెకు ఆ మాత్రం తెలియనందుకు కొంచెం ఆశ్చర్యపోతూ. "ఏం తినలే. తినకుంట గోలీ ఏసుకోవద్దన్నరు గద."

"ఒక్కపొద్దు ఉన్న ప్రతిసారీ మానేస్తున్నారా? ఏయే రోజులు ఉంటారు?"

"సోమవారం, శనివారం. మొన్నటి సంది బేస్తారం గుడ, సాయిబాబాకు."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. దడ వచ్చే రోజులన్నీ నా కళ్ల ముందు వరుసగా నిలబడ్డాయి. సోమవారం, మంగళవారం మధ్యాహ్నం దాకా. శనివారం, ఆదివారం. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. దడ తగ్గాలని ఒక్కపొద్దు, ఒక్కపొద్దు వల్ల గోలీ లేదు, గోలీ లేక దడ, దడ వచ్చిందని ఇంకో ఒక్కపొద్దు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉండి, ఒక్కరం కూడా కనిపెట్టలేదు.

"సాయంత్రం మాత్ర?" అని అడిగింది డాక్టరమ్మ. గొంతు మారింది.

"అది ఏసుకుంటున్న. దీపాలకాడ తింట గద, తిన్నంక."

"బతికిపోయారు. అది కూడా మానేసుంటే వాల్వులో రక్తం గడ్డకట్టి ఇంత దూరం వచ్చేవారే కాదు. చూడండి, పొద్దుటి మాత్ర గుండెకు కళ్లెం లాంటిది. ఒక రోజు పట్టుకుని ఒక రోజు వదిలేస్తే అది ఎలా మాట వింటుంది? ఉపవాసాలు మానేయండి. మీ మందులకు తిండి రోజూ ఒక్క తీరుగా ఉండాలి. ఒక్క పూట కూడా మాత్ర తప్పొద్దు. మీ పెద్ద డాక్టర్లకు కూడా ఇదంతా చెప్పాలి. చెప్పకపోతే నేనే ఫోన్ చేస్తాను."

బయటికి వచ్చాక మా ఆయన కృష్ణారావు గారి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "గేటు డ్యూటీ అయినా ఇయ్యుండ్రి సార్."

"ఇస్తాను, ప్రస్తుతానికి," అన్నారాయన. "నువ్వు ఆపకుండా కాలేజీ దాకా తెచ్చుంటే రేపటి నుంచి బండి నీకిచ్చేవాణ్ణి. తర్వాత ఏదో ఒక రోజు తల పట్టుకునేవాణ్ణి. ఆపావు కాబట్టి నీ సీటు నీకే ఉంచుతాను. దసరా దాకా మాత్రలు సరిగ్గా వేసుకో. డాక్టర్లు సరేనంటే మళ్లీ చూద్దాం. ఈసారి దేవుడికి కాదు, నాకు మొక్కు. ఒక్క రోజు తప్పినా నాకు తెలియాలి."

మా అత్తతో పెద్ద గొడవ పెట్టుకోవాలనే ఇంటికి వచ్చాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తీరా చెప్పడం మొదలుపెట్టాక ఆమె ముఖం చూసి నా నోరే మెత్తబడింది.

"గోలీ ఏసుకుంటలేడా?" అంది. "నాకు తెల్వదు బిడ్డా. ఒక్కపొద్దు నాడు గోలీ ఏసుకోడని నాకు తెల్వదు." అదే మాట మళ్లీ మళ్లీ అంటూ పెరట్లోకి పోయి, చాలాసేపు రాలేదు.

గురువారం, శనివారం కొత్త మొక్కులే కాబట్టి టెంకాయ కొట్టి, తప్పు కాయమని దండం పెట్టుకుని వదిలించుకున్నాడు. తిన్నాడు, గోలీ వేసుకున్నాడు. ఆ రెండు రోజులూ దడ రాలేదు. ఆదివారం ఆయన బస్టాండు దాకా పోయి, చాయ్ తాగి, పేపరు చదివి వచ్చాడు. నేను గండం గడిచిందనుకున్నాను.

సోమవారం తెల్లారింది. ఉప్మా చేసి ఆయన ముందు పెట్టాను. ఆయన పళ్లెం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"తిను. గోలీ ఏసుకోవాలె."

"ఇది వేరే యమునా." నుదుటి మీద అప్పుడే చెమట. "శనివారం గిట్ల నడిమిట్ల వచ్చినయి. సోమవారం గట్ల కాదు. అమ్మ పట్టిన ఒక్కపొద్దుతోనే నేను బతికిన. దీన్ని తప్పితే ఏమైతదో. సూడు, ఇప్పుడే మొదలైతున్నది లోపల."

"అది భయం. దడ కాదు."

"రెండింటికి ఫరక్ నాకు తెలుస్తలేదు."

నా ఓపిక తెగిపోయింది. "తినకుంటే గోలీ లేదు, గోలీ లేకుంటే నువ్వు బతకవు, ఇగ బస్సేడికెల్లి వస్తది? సారు అంత నమ్మి సీటు ఉంచిండు. మల్ల మొదటికే తెస్తవా?"

"బస్సు పోతే పోనీ," అన్నాడు. స్టీరింగ్ కోసం అంత తపించిన మనిషి, పళ్లెంలో ఉన్న ఉప్మాకు భయపడి దాన్నే వదిలేసుకుంటున్నాడు. డాక్టరమ్మ చెప్పింది అబద్ధం కాదని ఆయనకు తెలుసు. తెలిసినా చెయ్యి లేవడం లేదు.

మా అత్త అప్పుడే తలస్నానం చేసి వచ్చింది. తడి వెంట్రుకలు ముడేసుకుని, నుదుట విభూతితో గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వచ్చి కొడుకు ఎదురుగా కింద కూర్చుంది. పళ్లెం తన వైపు జరుపుకుంది. ఏం చేస్తుందో నాకు తట్టేలోపే ఉప్మా ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.

"అమ్మా!" అన్నాడు మా ఆయన. "సోమవారమే!"

ఆమె నములుతూనే ఉంది. పెళ్లి విందు ముట్టని మనిషి. జ్వరంలో కూడా సోమవారం పొద్దున గంజి తాగని మనిషి. మింగడం కష్టమైనట్టు ఒకసారి ఆగి, మింగింది. కళ్ల నిండా నీళ్లు.

"ఈ ఒక్కపొద్దు నీ కోసమే పట్టిన కొడుకా. నీ కోసమే ఇడుస్తున్న," అంది. "పాపమొస్తే ముందుగాల నాకే రావాలె. నాకేమన్న అయితదేమో సూడు. కాకుంటే నువ్వు తిను."

ఆయన చూస్తూ కూర్చున్నాడు. తల్లి ముఖాన్నే చూస్తున్నాడు, ఆమెకేదో జరగబోతున్నట్టు. నేనూ చూశాను, అబద్ధమెందుకు. ఆమె ఇంకో ముద్ద తిన్నది.

"ఉప్పు ఏస్తివా పిల్లా దీంట్ల?" అంది నాతో, ముక్కు తుడుచుకుంటూ. "చప్పగ చచ్చింది."

నేను పోయి ఉప్పు తెచ్చాను. నేను వచ్చేసరికి మా ఆయన తల్లి పళ్లెంలోంచి ముద్ద తీసుకుని తింటున్నాడు. తిన్నాడు, గోలీ మింగాడు, నీళ్లు తాగాడు. అది గొంతు దిగిందని తెలిసేదాకా మా అత్త అక్కడి నుంచి లేవలేదు.